గొంతుక్కూర్చోవడం మానాలా, నేర్చుకోవాలా?

"కింద కూర్చోకండి. మెట్లు ఎక్కకండి. ఇంట్లో కమోడ్ పెట్టించుకోండి." మోకాళ్ళ నొప్పి అని వెళ్ళినవారికి చీటీ చివర ఈ మూడు మాటలు రాసి పంపడం వైద్యులకు అలవాటైపోయింది. అరవై ఏళ్ళ తల్లికీ అదే మాట, పాతికేళ్ళ కుర్రవాడికీ అదే మాట. పొద్దున్నుంచి సాయంత్రం వరకు మిరప చేలో కలుపు తీసే కూలి మనిషికీ, పొద్దున్నుంచి సాయంత్రం వరకు కొట్లో కుర్చీ దిగని వ్యాపారికీ అదే మాట. ఒకే మందు అందరికీ పోస్తే కొందరికి రోగం తగ్గుతుంది, కొందరికి పెరుగుతుంది. ఈ సలహా విషయంలో కూడా అదే జరుగుతోందని మా అభిప్రాయం. గొంతుక్కూర్చోవడం మరిచిపోయినవారు దాన్ని తిరిగి నేర్చుకోవాలి. గొంతుక్కూర్చుని బ్రతుకు వెళ్ళదీస్తున్నవారికి దాని నుంచి విరామం ఇవ్వాలి. పొదిలి ప్రాంతంలో ఉన్న మనం మూడో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అది మన నీళ్ళ సంగతి. ఈ మూడూ ఒక్కొక్కటిగా చెబుతాం.

రెండు పాదాలు నేలకు ఆనించి, మోకాళ్ళు పూర్తిగా మడిచి, పిరుదులు నేలకు తగలకుండా కూర్చోవడాన్నే మనం గొంతుక్కూర్చోవడం అంటాం. బాసింపట్టు వేసుకోవడం వేరు, మోకరించడం వేరు. మన పెద్దలకు ఇది ప్రత్యేకంగా చేసే వ్యాయామం కాదు. కట్టెల పొయ్యి ఊదడం, అంట్లు తోమడం, బట్టలు ఉతకడం, పశువు పాలు పిండటం, బహిర్భూమికి వెళ్ళడం అన్నీ ఈ భంగిమలోనే జరిగేవి. వ్యాయామంగా చేసేవారూ లేకపోలేదు. తాలింఖానాల్లో కుర్రవాళ్ళు దండీలు, బస్కీలు తీసేవారు. బస్కీ అంటే గొంతుక్కూర్చుని లేవడమే. బడిలో పంతులుగారు తీయించిన గుంజీళ్ళు కూడా అదే కదలిక. నేడు పట్టణాల్లో జిమ్ములకు డబ్బు కట్టి స్క్వాట్లు పేరుతో చేస్తున్నది కూడా ఇదే.

ఒక్క తరంలో ఇదంతా మారింది. పొయ్యి గట్టు మీదికి ఎక్కింది. రోలు పోయి మిక్సీ వచ్చింది. ఇంటింటికీ ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. ఇవి ఆడవారి కష్టాన్ని ఎంతో తగ్గించాయి, అందుకు సంతోషించాలి. అయితే పనితోపాటు కదలిక కూడా పోయింది. ఇప్పుడు ఉద్యోగస్తుడి మోకాలు ఉదయం నుంచి రాత్రి వరకు కుర్చీ ఎత్తుకు మించి వంగదు. వాడని కత్తికి తుప్పు పట్టినట్టు, వంగని కీలు బిగుసుకుపోతుంది. ముప్పై ఏళ్ళకే మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోలేక వెనక్కి పడిపోయేవారు మన యువకుల్లో ఎంతమంది లేరు?

కీలుకు తిండి కదలికే

మోకాలిలో ఎముక చివరలకు నున్నని మెత్తని పొర ఉంటుంది. దాన్ని మృదులాస్థి అంటారు. దానికి సొంత రక్తనాళాలు లేవు. కీలులో ఉండే జిగురు నీటి నుంచే దానికి పోషణ అందుతుంది. స్పాంజిని నొక్కి వదిలితే నీరు పీల్చుకున్నట్టు, కీలు వంగి చాచుకుంటున్నప్పుడు ఆ పొర పోషణ తీసుకుంటుంది. కాబట్టి కీలుకు కదలికే తిండి. వంచిన కీలును గంటల తరబడి కదపకుండా నొక్కి ఉంచితే అదే పస్తు. గొంతుక్కూర్చుని లేవడం ఎందుకు మంచిదో, గొంతుక్కూర్చునే ఉండిపోవడం ఎందుకు చెడ్డదో ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలావరకు అర్థమవుతుంది.

రెండో సంగతి బరువు. చదునైన నేల మీద నడిచేటప్పుడు మోకాలి చిప్ప మీద పడే ఒత్తిడి మన శరీర బరువులో సగం. మెట్లు ఎక్కేటప్పుడు అది మూడు నాలుగు రెట్లవుతుంది. పూర్తిగా గొంతుక్కూర్చుంటే ఏడెనిమిది రెట్లవుతుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. తొడ కండ బలంగా ఉంటే ఈ బరువును అది పంచుకుంటుంది. తొడ కండ కరిగిపోతే బరువంతా కీలు మీదే పడుతుంది. అందుకే మోకాళ్ళ అరుగుదలకు నేడు ప్రపంచమంతటా మొదట సూచించే చికిత్స వ్యాయామం. మాత్రలు, సూదిమందులు, ఆపరేషన్ ఆ తరువాత.

ఇప్పుడు "కింద కూర్చోవద్దు" అన్న మాట అరవై ఏళ్ళ తల్లిని ఏం చేస్తుందో చూడండి. ఆమె ఆ రోజు నుంచి కుర్చీకి, మంచానికి పరిమితమవుతుంది. నొప్పి కొన్నాళ్ళు తగ్గుతుంది. ఈలోగా తొడ కండ సన్నబడుతుంది. మరుసటి ఏడు కుర్చీలోంచి లేవడానికి చేతులు ఊనాలి. ఆ తరువాత ఒకరు లేపాలి. ఒకనాడు స్నానాల గదిలో జారితే తుంటి ఎముక విరుగుతుంది. మోకాళ్ళను కాపాడాలని చెప్పిన మాటే మనిషిని మంచాన పడేస్తుంది. బ్రెజిల్ వైద్యులు 51 నుంచి 80 ఏళ్ళ మధ్య వయసున్న 2,002 మందిని నేల మీద కూర్చుని లేవమని పరీక్షించి, తరువాత కొన్నేళ్ళు వారి ఆరోగ్యాన్ని గమనించి 2012లో ఫలితాలు ప్రకటించారు. చేతులు, మోకాళ్ళు ఊనకుండా లేవగలిగినవారి కంటే లేవలేక ఇబ్బంది పడినవారిలో మరణాలు చాలా ఎక్కువగా కనిపించాయి. లేవలేకపోవడమే వారిని చంపిందని దీని అర్థం కాదు. శరీరంలో బలం, నిలకడ ఎంత మిగిలి ఉన్నాయో ఆ చిన్న పని బయటపెడుతుందని అర్థం.

ఆఫ్రికాలోని టాంజానియాలో హడ్జా అనే వేటగాళ్ళ జాతి ఉంది. అమెరికా శాస్త్రజ్ఞులు వారిని పరిశీలించి 2020లో ఒక విషయం రాశారు. వారు కూడా పగటిపూట సుమారు 10 గంటలు విశ్రాంతిగానే గడుపుతారట. అంటే కుర్చీల్లో కూర్చునే పట్టణవాసులతో సమానం. అయితే ఆ విశ్రాంతిలో కొంత భాగం గొంతుక్కూర్చునో, మోకాళ్ళ మీదో గడుస్తుంది. కుర్చీలో చచ్చుబడినట్టుండే కాళ్ళ కండలు ఈ భంగిమల్లో కొంత పని చేస్తూనే ఉంటాయి. వారిలో గుండె జబ్బుల లక్షణాలు తక్కువగా ఉండటానికి ఇదొక కారణం కావచ్చని ఆ శాస్త్రజ్ఞుల ఆలోచన.

రోజంతా గొంతుక్కూర్చునేవారి మాట

ఇంతవరకు చదివి "మా అమ్మమ్మ కాలమే మంచిది" అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. చైనా రాజధాని బీజింగ్‌లో 60 ఏళ్ళు దాటినవారి మోకాళ్ళకు ఎక్స్‌రేలు తీసి, వయసులో ఉన్నప్పుడు రోజుకు ఎంతసేపు గొంతుక్కూర్చునేవారో అడిగారు. ఆ ఫలితాలు 2004లో వెలువడ్డాయి. పాతికేళ్ళ వయసులో రోజుకు 3 గంటలు, అంతకు మించి గొంతుక్కూర్చున్నవారిలో మోకాళ్ళ అరుగుదల, అరగంట కూడా కూర్చోనివారితో పోలిస్తే సుమారు రెండు రెట్లు ఎక్కువగా ఉంది. రోజుకు 3 గంటలంటే మన ఆడకూలీలు నవ్వుతారు. కలుపు రోజుల్లో వారు మధ్యాహ్న భోజనానికి ముందే అంతకంటే ఎక్కువసేపు కూర్చుంటారు. కళ్ళాల్లో తాలు కాయలు ఏరడం, ముచ్చికలు తీయడం, పొగాకు అల్లకం, గ్రేడింగ్ పనులన్నీ నేల మీదే. పైగా కదలకుండా చేసే పనులు. పత్తి తీసేటప్పుడు నడుము వంచాలి, కలుపు తీసేటప్పుడు మోకాళ్ళు వంచాలి. శరీరంలో ఏదో ఒకటి ఎప్పుడూ వంగే ఉంటుంది.

వీరికి మరో ప్రమాదం కూడా ఉంది. మోకాలి బయటి వైపు కొంచెం కిందుగా ఒక నరం ఎముకను చుట్టుకుని చర్మానికి చాలా దగ్గరగా వెళుతుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుంటే ఆ నరం నలిగిపోతుంది. పని ముగించి లేచేసరికి పాదం మొద్దుబారి ఉంటుంది. పాదాన్ని పైకి ఎత్తలేరు. చెప్పు జారిపోతుంది, అడుగు వేస్తే పాదం టపటపా నేలకు కొట్టుకుంటుంది. పాశ్చాత్య దేశాల్లో స్ట్రాబెర్రీ పండ్లు కోసే కూలీల్లో ఇది కనిపించినందున దానికి ఆ పండు పేరే పెట్టారు. ఇది సాధారణ పక్షవాతం కాదు. భయపడి పసరు మందులకు, మంత్రాలకు పరుగెత్తవద్దు. అలా కూర్చోవడం మాని వైద్యుణ్ణి కలిస్తే ఎక్కువమందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. అయితే కుష్ఠు వ్యాధిలో కూడా ఇదే నరం దెబ్బతింటుంది. ఒంటి మీద స్పర్శ లేని మచ్చలు ఉంటే దాచకుండా చెప్పండి. దానికి పూర్తిగా నయం చేసే మందులున్నాయి, ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇస్తుంది.

ఈ అక్కలకు "కింద కూర్చోకు" అని చీటీ రాయడం సులువే. మరి కూలి ఎవరిస్తారు? అందుకే ఈ మాట కూలీలతో కాక, పని చేయించుకునేవారితో అంటున్నాం. మన సంఘాల్లో కౌలు రైతులున్నారు, సొంత పొలాలున్నవారున్నారు, పొగాకు బ్యారన్‌లున్నవారున్నారు, మిరప వ్యాపారం చేసేవారున్నారు. కళ్ళంలోనూ గ్రేడింగ్ పాకలోనూ పని చేసే ప్రతి మనిషికీ జానెడు ఎత్తు చెక్క పీట ఒకటి ఇవ్వండి. దాని ఖర్చు ఒక రోజు కూలిని మించదు, ఎన్నో ఏళ్ళు పని చేస్తుంది. ఏరవలసిన కాయలను నేల మీద కాక ఎత్తయిన బల్ల మీద పోస్తే ఇంకా మంచిది. అరగంటకు ఒకసారి లేచి నాలుగు అడుగులు వేసిన మనిషిని సోమరి అనకండి. ఆ రెండు నిమిషాల్లో మీ పని ఆగిపోదు, ఆమె మోకాలు మాత్రం పదేళ్ళు ఎక్కువ నిలుస్తుంది.

మన నీళ్ళను మరువరాదు

పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ నెల్లూరు జిల్లాలోనే, 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు, తాగే నీటిలోని ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు బిగుసుకుపోతున్నాయని ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. ఫ్లోరోసిస్ గురించి భారతదేశంలో వచ్చిన మొదటి ముఖ్యమైన నివేదిక అదే. తరువాత నల్గొండ పేరు ఎక్కువగా వినబడింది కాని, ఈ కథ మొదలైనది మన వైపే.

కనుక మన ప్రాంతంలో గొంతుక్కూర్చోలేకపోవడాన్ని "వయసు మీద పడింది" అని వదిలేయరాదు. ఫ్లోరోసిస్‌లో కీళ్ళ చుట్టూ ఉండే నరాల్లాంటి కట్లు సున్నం పట్టినట్టు గట్టిపడతాయి. మొదట నడుము, మెడ బిగుస్తాయి. తరువాత మోకాళ్ళు, తుంటి వంగవు. ముదిరితే వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్ళు చచ్చుబడవచ్చు. ఇంటి దగ్గరే మూడు పరీక్షలు చేసుకోవచ్చు. మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి కాలి వేళ్ళు తాకగలరా? గడ్డాన్ని ఛాతీకి ఆనించగలరా? చేతులు చాచి, మడిచి తల వెనుక పెట్టుకోగలరా? ఈ మూడూ చేయలేకపోతే, అందులోనూ ఇంట్లో ఇద్దరు ముగ్గురికి అలాగే ఉంటే, పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలుంటే వైద్యునికి చూపించండి. తాగే నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ నీరు తాగడానికి, వంటకు పనికిరాదు. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బిగుసుకుపోయిన కీళ్ళను వ్యాయామం పేరుతో బలవంతంగా వంచితే ప్రమాదం. అక్కడ మొదటి వైద్యం నీరు మార్చడమే.

ఎలా మొదలుపెట్టాలి?

అలవాటు తప్పినవారు మొదటి రోజే పూర్తిగా గొంతుక్కూర్చోవద్దు. గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేసుకుని, చేతులు ఊనకుండా లేచి నిలబడండి, మెల్లగా కూర్చోండి. ఇలా 10 సార్లు చేసి, కాస్త ఆగి మరో 10 సార్లు చేయండి. కూర్చునేటప్పుడు ధబాలున పడవద్దు, మెల్లగా దిగడంలోనే కండకు బలం వస్తుంది. వారానికి మూడు రోజులు చాలు. మూడు నాలుగు వారాలకు ఇది సులువైతే కుర్చీకి బదులు తక్కువ ఎత్తున్న స్టూలు పెట్టుకోండి. ఆ తరువాత కిటికీ ఊచలో, తలుపు కమ్మో పట్టుకుని ఇంకా కిందికి దిగండి. మడమలు లేస్తుంటే వాటి కింద మడిచిన గోనె సంచి పెట్టుకోండి. చివరకు ఏ పట్టూ లేకుండా గొంతుక్కూర్చుని ఒక నిమిషం ఉండి లేవగలిగితే మీ కాళ్ళు బాగున్నట్టే. గంటలు కూర్చోవలసిన పని లేదు.

చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉండి మర్నాటికి తగ్గితే భయం లేదు. మర్నాడు కూడా ఉంటే ఒక మెట్టు వెనక్కి రండి. మోకాలు వాచి వేడిగా ఉన్నవారు, కదిలేటప్పుడు కీలు ఇరుక్కుపోతున్నవారు, మోకాలు మార్పిడి చేయించుకున్నవారు, ఎముక విరిగి కట్టు తీసినవారు వైద్యుణ్ణి అడగకుండా చేయవద్దు. బీపీ మాత్రలు వాడేవారు హఠాత్తుగా లేస్తే కళ్ళు తిరుగుతాయి, నెమ్మదిగా లేవాలి. ఈలోగా నొప్పికి ఊళ్ళో సూది మీద సూది వేయించుకోవడం మానండి. నొప్పి సూదులు కడుపునూ మూత్రపిండాలనూ పాడుచేస్తాయి. పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మేవారూ ఉన్నారు.

మరుగుదొడ్డి సంగతి కూడా చెప్పాలి. 2014లో స్వచ్ఛ భారత్ మొదలైన తరువాత మన పల్లెల్లో ఎన్నో ఇళ్ళకు దొడ్లు వచ్చాయి. చాలావాటిలో ఉన్నది గొంతుక్కూర్చునే బేసినే. మలవిసర్జనకు ఆ భంగిమే సులువు. 28 మంది ఆరోగ్యవంతులతో చేసి 2003లో ప్రకటించిన ఒక పరిశీలనలో, కమోడ్ మీద కంటే గొంతుక్కూర్చున్నప్పుడు తక్కువ సమయంలో, తక్కువ ముక్కుడుతో పని అయిందని తేలింది. కాబట్టి లేవగలిగినవారు దాన్ని మార్చనవసరం లేదు. గోడకు ఒక ఇనుప పైపు బిగిస్తే పట్టుకుని లేవవచ్చు. ఆ పైపు లేకనే ఎంతోమంది పెద్దలు లేవలేమని భయపడి నీళ్ళు తాగడం తగ్గిస్తారు, రాత్రి తిండి మానేస్తారు, కోడలికి కూడా చెప్పుకోరు. బొత్తిగా కూర్చోలేనివారికి బేసిన్ మీద పెట్టుకునే రంధ్రం కుర్చీ కొనివ్వండి. అది విలాసమని ఎవరూ అనుకోవద్దు.

మందిరంలో మోకరించలేకపోతున్నామని బాధపడే పెద్దల కోసం ఒక మాట. మోకరించినప్పుడు బరువు నేరుగా మోకాలి చిప్ప మీద పడుతుంది. అరిగిన మోకాలికి అది గొంతుక్కూర్చోవడం కంటే తేలికైనదేమీ కాదు. హన్నా నిలబడి ప్రార్థించింది. దావీదు కూర్చుని ప్రార్థించాడు. హిజ్కియా పడక మీదనే గోడ వైపు తిరిగి ప్రార్థించాడు. వారి ప్రార్థన వినబడలేదని ఎక్కడా లేదు. కనుక బల్ల మీద కూర్చుని ప్రార్థించే అవ్వను ఎవరూ తక్కువగా చూడవద్దు. సంఘ పెద్దలు మందిరంలో వెనుక వరసలో నాలుగు గట్టి కుర్చీలు వేయించి, "ఇవి మీ కోసమే" అని వారికి చెబితే చాలు.

చివరిగా మా మనవి. కుర్చీలో రోజు గడిపేవారు రోజుకు పదిసార్లు నేలకు దిగి లేవండి. నేల మీద రోజు గడిపేవారికి పీట ఇవ్వండి. వంగలేనివారిని "ముసలితనం" అని వదిలేయకుండా, వారు ఇన్నేళ్ళు ఏ నీళ్ళు తాగారో అడగండి. పొలం, బ్యారన్, కళ్ళం ఉన్న కుటుంబాలవారు ఈ పంటకాలం ముగిసేలోగా కొన్ని పీటలు చేయించండి. పీటలు చేయడానికి మన ఊళ్ళలో వడ్రంగులకు కొదవ లేదు.